సైనికుడి ఇల్లు, సర్కారు పూచీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత తెలియని తెలుగువాడుండడు. పెళ్లి సంగతి అల్లా ఉంచండి. ఇల్లు కట్టడంలో ఇటుకలు, సున్నం, కలప, తాపీవాళ్ల అలకలు ఇవన్నీ ఒక ఎత్తు, అప్పు పుట్టించడం ఒక్కటీ ఒక ఎత్తు. సామెత చెప్పిన మహానుభావుడు ఆ సంగతి విప్పి చెప్పలేదు. అనుభవం మీద తెలుస్తుందిలే అని వదిలేశాడు కాబోలు.

నేను కళాశాలలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలు ఏకరువు పెట్టమంటే పెడతాను గాని, వడ్డీ లెక్కలంటే నాకు మొదటినుంచీ కొంచెం జంకు. అల్లాంటివాణ్ణి అమెరికాలో మాజీ సైనికులకు దొరికే ఇంటి అప్పుల గురించి, ఆ అప్పుల హద్దులు ఎప్పుడు ఎల్లా మారాయో దాన్ని గురించి రాయబోతున్నాను. విడ్డూరంగానే ఉంటుంది. కాని ఆ లెక్క మా ఊళ్లో ఉన్న మా తాతయ్య పెంకుటిల్లు గుమ్మందాకా వచ్చింది. గుమ్మందాకా వచ్చిన లెక్కను పండితుడైనా నేర్చుకోక తప్పదు.

మా ఊరు పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడేనికి దగ్గిర. ఆ చాయల్లోనే మాధవరం ఉంది. ఇంటికొకడైనా దండులో చేరిన ఊరని పేరుపడి, జనం దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. ఆ గాలి మా ఊరికీ కాస్త సోకింది. మా తాతయ్య 1941లో సైన్యంలో చేరి, బర్మా సరిహద్దుల్లో జలగలతోనూ మలేరియాతోనూ యుద్ధం చేసి, 1946లో ఇంటికి వచ్చాడు. 1951లో ఆ పెంకుటిల్లు కట్టాడు. షావుకారు దగ్గిర ఎనిమిది వందల రూపాయలు నూటికి రూపాయి వడ్డీకి తెచ్చి, పన్నెండేళ్లు తీర్చాడు.

షావుకారు మొదట అప్పివ్వనన్నాడట. దండుకు పోయి వచ్చినవాడికి భూమి లేదు, పుట్ర లేదు, ఏం చూసి ఇవ్వమంటావన్నాడట. అప్పుడు మా వీధిలో రైతొకాయన వచ్చి ప్రోనోటు మీద పూచీ పడ్డాడు. తాతయ్య చివరిదాకా ఆయన్ని తలుచుకునేవాడు. "ఆయన నాకు రూపాయి ఇవ్వలేదురా, తన పేరు ఇచ్చాడు" అనేవాడు. చిన్నప్పుడు ఆ మాట నాకు బోధపడలేదు. నలభై ఆరేళ్ల వయస్సులో టెక్సాసులో కూర్చుని ఒక దస్తావేజు చదువుతూంటే బోధపడింది.

ఎందుకంటే, అమెరికా ప్రభుత్వం తన మాజీ సైనికులకు చేస్తున్న పని కూడా సరిగ్గా అదే. చాలామంది ప్రభుత్వమే వాళ్లకు అప్పిస్తుందనుకుంటారు. ఇవ్వదు. అప్పిచ్చేది బాంకులూ అప్పుల కంపెనీలూ. ప్రభుత్వం పూచీ పడుతుంది. ఇతను కట్టకపోతే నీ నష్టంలో ఇంతవరకు నేను భరిస్తాను అని పేరు ఇస్తుంది. పూచీ అన్న మాటను పూచికపుల్లలా తీసిపారేసేవాళ్లుంటారు గాని, ఆ పుల్ల ఆధారంతో లక్షల ఇళ్లు లేచాయి.

ఈ ఏర్పాటు వాళ్ల దేశంలో ఊరికే పుట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాళ్లకు ఎప్పుడో ఇస్తామన్న బోనస్ సొమ్ము ముందుగా ఇమ్మని, ఆకలికి తాళలేక, 1932లో వేలాదిమంది మాజీ సైనికులు వాషింగ్టన్‌కు పోయి గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. జూలై 28న సైన్యమే వచ్చి వాళ్లను తరిమింది, గుడిసెలు తగలబడ్డాయి. దేశంకోసం పోరాడినవాడి గుడిసెను దేశ సైన్యమే కాల్చిందన్న మాట అక్కడివాళ్లు మరిచిపోలేదు. రెండో యుద్ధం ముగియకముందే, 1944 జూన్ 22న, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మాజీ సైనికుల చట్టం మీద సంతకం పెట్టాడు. జీ.ఐ. బిల్ అని దానికి వాడుకపేరు. చదువుకు జీతం, ఉద్యోగం దొరికేదాకా భత్యం, ఇంటి అప్పుకు పూచీ, ఈ మూడూ అందులో ముఖ్యమైనవి.

మొదటి పూచీ హద్దు ఎంతనుకున్నారు? అప్పులో సగం వరకు, అదైనా 2,000 డాలర్లు మించకుండా. మరుసటి ఏడు డిసెంబరులోనే అది చాలదని 4,000 చేశారు. 1950లో అప్పులో నూటికి అరవై వంతులు, 7,500 డాలర్ల వరకు అన్నారు, తీర్చే గడువు ముప్ఫై ఏళ్లకు పెంచారు. ఆ తరవాత ఇళ్ల ధరలు ఒక మెట్టు ఎక్కడం, పార్లమెంటు కూర్చుని హద్దును ఒక మెట్టు ఎక్కించడం, ఇదే కథ. 1968లో 12,500. 1974లో 17,500. 1978లో 25,000. మన పల్లెల్లో పెరిగే పిల్లవాడికి ప్రతి సంక్రాంతికీ లాగు పొట్టి అయిపోయినట్టు, ప్రతిసారీ కొత్త హద్దు కుట్టించేసరికే ఇల్లు దాన్ని మించి పెరిగేది.

అయినా ఆ పొట్టి లాగుతోనే ఎంత పని జరిగిందో చూడండి. 1944 నుంచి 1952 వరకు ఇల్లా పూచీ పడ్డ ఇంటి అప్పులు సుమారు 24 లక్షలు. చేతిలో రొక్కం లేని కుర్రవాళ్లు ఇంటివాళ్లయినారు.

అందరూ అయినారా అంటే, కాలేదు. ఇక్కడే పూచీకీ అప్పుకీ తేడా కనబడుతుంది. చట్టంలో నలుపు, తెలుపు అన్న మాట లేదు. కాని పూచీ ప్రభుత్వానిది, డబ్బు బాంకుది. బాంకువాడు ఇవ్వనంటే ఆ పూచీ కాగితం ఏం చేసుకోను? 1947లో మిసిసిపీ రాష్ట్రపు పట్టణాల్లో ఒక పత్రికవాళ్లు లెక్క తీశారు. ఇళ్లకు, వ్యాపారాలకు, పొలాలకు పూచీతో ఇచ్చిన అప్పులు 3,229 ఉంటే, నల్లవారికి దక్కినవి రెండు. ఒకే యుద్ధంలో ఒకే శత్రువుమీద పోరాడి వచ్చినవాళ్లే అందరూ. మా తాతయ్యను షావుకారు ఏం చూసి ఇవ్వమంటావని అడిగాడంటే, భూమి చూపిస్తే ఇచ్చేవాడు. వాళ్లను అడిగింది భూమి కాదు.

ఇక మా ఇంటి కథకు వస్తాను. మా అక్కయ్య నాకంటె పన్నెండేళ్లు పెద్ద. 1999లో బావగారితో అమెరికా వెళ్లింది. అప్పుడు మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు. వాడు డాక్టరో ఇంజనీరో అవుతాడని అందరమూ ఎదురుచూస్తూంటే, 2012లో వెళ్లి సైన్యంలో చేరాడు. అక్కయ్య నెలరోజులు ఏడిచింది. మా అమ్మ మాత్రం, "ముత్తాత పోలిక ఎక్కడికి పోతుందే" అని నవ్వి ఊరుకుంది. ఫిరంగిదళంలో తొమ్మిదేళ్లు పనిచేసి 2021లో బయటికి వచ్చాడు. కాళ్లూ చేతులూ క్షేమం. కాని ఎడమ చెవిలో ఎప్పుడూ కీచురాయి కూసినట్టు ఒక మోత. రాత్రిళ్లు నిద్రపట్టదు. ఎడమపక్క నుంచి పిలిస్తే ఒక్కొక్కప్పుడు పలకడు. అక్కడి మాజీ సైనికుల శాఖ దాన్ని కొలిచి, నూటికి పది వంతుల వైకల్యమని తేల్చి, నెలనెలా కొద్ది సొమ్ము ఇస్తున్నది.

వాడు 2017లో, ఉద్యోగంలో ఉండగానే, టెక్సాసులో కిల్లీన్ అనే ఊళ్లో 2,00,000 డాలర్ల ఇల్లు పూచీ అప్పుతో కొన్నాడు. చేతి నుంచి ముందుసొమ్ము పైసా పెట్టలేదు. పూచీ రుసుము మాత్రం నూటికి 2.15 చొప్పున 4,300 డాలర్లు కట్టాడు. ఇప్పుడా ఇంట్లో అద్దెవాళ్లున్నారు. వాడూ, భార్యా, ఇద్దరు పిల్లలూ శాన్ ఆంటోనియోలో ఉద్యోగాలు చూసుకుని, అక్కడ ఇల్లు కొనాలనుకున్నారు. 2024 వేసవి సెలవుల్లో నేను వెళ్లేసరికి 6,50,000 డాలర్ల ఇల్లొకటి చూసి ఉంచారు.

వెళ్లిన మూడో నాడు అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది. "తమ్ముడూ, వాడికి ముందుసొమ్ము ఇరవైవేలు పైన కావాలిట. బావగారి మందులకే సరిపోతోంది మా చేతిలోది. ఊళ్లో తాతయ్య ఇల్లు అమ్మేద్దామా? నా వాటా వస్తే సరిపోతుంది" అంది.

నాకు ఏమి చెప్పాలో తోచలేదు. ఆ ఇల్లు నాన్న పోయాక అమ్మకూ, అక్కయ్యకూ, నాకూ ఉమ్మడి. అమ్మ అందులోనే ఉంటోంది. తులసికోట, నూతి గిలక, వీధి అరుగు ఇవి విడిచి నా పట్టణపు అద్దె ఇంటికి రమ్మంటే పదేళ్లుగా రావడంలేదు. ఆ రాత్రే అమ్మకు టెలిఫోన్ చేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "దండువాడు కట్టిన ఇల్లు ఇంకొక దండువాడి ఇంటికి పనికొస్తే మీ తాతయ్య సంతోషిస్తాడులే. అమ్మేయండి. నాకు రెండు చీరలు పెట్టుకునే చోటు చాలు" అంది. ఆ మాట అన్న గొంతు నాకు తెలుసు. పండగనాడు పెసరట్టు అయిపోతే, నాకు ఆకలి లేదురా అనే గొంతు అది.

ఇంతలో నాకొక సందేహం వచ్చింది. ఈ అప్పులకు హద్దు తీసేశారని 2020లో వాడే నాతో టెలిఫోన్‌లో చెప్పాడు. హద్దే లేనప్పుడు ఈ ముందుసొమ్ము ఎక్కణ్ణించి వచ్చింది? వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. వాడికీ పూర్తిగా తెలియదు, అప్పుల ఏజెంటు చెప్పాడంతే అన్నాడు. మరి ఆ ఏజెంటు ఇచ్చిన కాగితాలన్నీ తెమ్మన్నాను. రెండు రోజులు వాటితో కుస్తీ పట్టాను. వసుచరిత్ర శ్లేషలు విప్పడం దీనికంటె సులువని నిస్సంకోచంగా చెప్పగలను.

ఇందులో కిటుకు ఏమంటే, బాంకులకు అప్పులో పావువంతుకు రక్షణ కావాలి. ఆ పావు ప్రభుత్వం పూచీయైనా కావాలి, కొనేవాడి రొక్కమైనా కావాలి, రెండూ కలిపైనా కావాలి. 2004 చివరన చేసిన చట్టంతో ప్రభుత్వం తన పూచీని మామూలు ఇంటి అప్పులకు దేశమంతటా ఉండే ఒక ప్రమాణ హద్దులో పావువంతుగా నిర్ణయించింది. అంతకుముందు 60,000 డాలర్ల పూచీ, అంటే 2,40,000 అప్పుదాకా ముందుసొమ్ము అక్కరలేదు. 2005లో అది ఒక్కసారి 3,59,650కి లేచింది. ఇళ్ల ధరలనుబట్టి ఏటా నవంబరులో ఆ ప్రమాణాన్ని ప్రకటిస్తారు. 2019లో 4,84,350. అంతకుమించి అప్పు తీసుకోగూడదని కాదు, మించినదానిలో పావు చేతి నుంచి పెట్టుకోవాలి. హద్దు అంటే అసలర్థం ఇదీ.

2019 జూన్ 25న సంతకమైన చట్టం, 2020 జనవరి 1 నుంచి, ఈ హద్దును తీసేసింది. కాని ఒక షరతుంది. పూచీ హక్కును పూర్తిగా అట్టేపెట్టుకున్నవాడికే హద్దు లేదు. ఇదివరకే ఒక అప్పుకు కొంత హక్కు వాడేసి, ఆ అప్పు తీరకుండా ఉన్నవాడికి పాత లెక్కే. ఏజెంటు చెప్పిన ముందుసొమ్ము ఇక్కణ్ణించి వచ్చింది.

కాగితం తీసి లెక్క వేశాను. 2024లో శాన్ ఆంటోనియో ఉన్న జిల్లాకు ప్రమాణం 7,66,550 డాలర్లు. అందులో పావు 1,91,637 చిల్లర. కిల్లీన్ ఇంటికి వాడేసిన హక్కు, రెండు లక్షలలో పావు, 50,000. అది తీసేస్తే మిగిలింది 1,41,637. దాన్ని నాలుగు రెట్లు చేస్తే 5,66,550. అంతవరకు వాడు ముందుసొమ్ము లేకుండా కొనవచ్చు. చూసిన ఇల్లు 6,50,000. మించినది 83,450. అందులో పావు 20,862. మన రూపాయల్లో పదిహేడు లక్షల పైచిలుకు. అంటే మా తాతయ్య ఇల్లు ఈ ఎనభైమూడువేల నాలుగువందల యాభై డాలర్ల మీద ఆధారపడి ఉంది.

దారులు మూడు కనిపించాయి. కిల్లీన్ ఇల్లు అమ్మేసి ఆ అప్పు తీరిస్తే, హక్కు మళ్లీ పూర్తిగా వస్తుంది, అప్పుడు హద్దే ఉండదు. లేదా ముందుసొమ్ము పెట్టాలి. లేదా 5,66,550 లోపల ఇల్లు వెదుక్కోవాలి. ఏజెంటుకు మొదటి దారి నచ్చింది. హద్దు పోతే ఏడున్నర లక్షల ఇల్లయినా చూడవచ్చునని ఉత్సాహంగా చెప్పాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చట్టం హద్దు తీసేసినా రెండు కాపలాలు మాత్రం ఉంచింది. ఇంటి విలువను ఆ శాఖ మదింపుదారు చూసి నిర్ణయిస్తాడు, అంతకుమించి అప్పుకు పూచీ పడరు. రెండోది నాకు బాగా నచ్చింది. వాయిదా, పన్నులు, ఉన్న బాకీలు అన్నీ పోగా, సంసారం గడవడానికి నెలకు ఇంత చేతిలో మిగలాలని ఒక పట్టిక ఉంది. ఊరిని బట్టి, ఇంట్లో మనుషులను బట్టి ఆ అంకె మారుతుంది. దక్షిణ రాష్ట్రాల్లో నలుగురున్న సంసారానికి 1,003 డాలర్లు. అప్పిచ్చేవాడు పిల్లలు ఏం తింటారు అని అడగడం నేను ఎక్కడా వినలేదు. ఈ కాగితంలో అడిగారు. కాని అది తిండి గడవడానికి లెక్క గాని, సుఖంగా నిద్రపోవడానికి కాదు. అసలే నిద్రపట్టనివాడి ఇంటి సంగతి మనం మాట్లాడుకుంటున్నాము.

ఇంకొక అంకె దగ్గిర నేను చాలాసేపు ఆగిపోయాను. రెండోసారి ఈ పూచీ వాడుకునేవాడు ముందుసొమ్ము లేకుండా కొంటే నూటికి 3.3 డాలర్ల రుసుము కట్టాలి. 6,50,000 మీద అది 21,450 డాలర్లు. మా మేనల్లుడు కట్టక్కరలేదు. సైనికసేవవల్ల వైకల్యం వచ్చి దానికి సొమ్ము పొందేవాళ్లకు రుసుము మాఫీ. అంటే చెవిలో కీచురాయి ఇరవైఒక్క వేల డాలర్లు మిగిల్చింది. ఆ మాట పైకి అన్నాను. వాడు నవ్వి, "ఆ సొమ్ము నేనే కడతాను మామయ్యా, దీన్ని ఎవరైనా తీసేస్తే" అన్నాడు. అక్కయ్య అక్కణ్ణించి లేచి వెళ్లిపోయింది.

ఈ రుసుముకూ, హద్దు తీసెయ్యడానికీ ఉన్న చుట్టరికం తెలిసినప్పుడు నాకు ఇంకా ఆశ్చర్యమేసింది. 2019 చట్టం అసలు ఇంటి అప్పుల కోసం చేసింది కాదు. వియత్నాం యుద్ధంలో అడవులమీద అమెరికా విమానాలు చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే విషంవల్ల జబ్బుపడ్డ సైనికులకు పరిహారం ఉంది. కాని ఒడ్డున కాలు పెట్టకుండా, తీరానికి కొంత దూరంలో ఓడల మీద పనిచేసిన నావికులకు ఇచ్చేవాళ్లు కాదు. నేలమీద నడిచినట్టు రుజువేదీ అని అడిగేవారు. ఆ విషం నదుల్లోంచి సముద్రంలోకి వచ్చిందనీ, ఆ ఉప్పునీళ్లే కాచి వడగట్టి ఓడల్లో తాగామనీ వాళ్లు ఏళ్లతరబడి మొత్తుకున్నారు. 2019 జనవరిలో ఒక అప్పీలు కోర్టు ప్రొకోపియో అనే నావికుడి దావాలో వాళ్లకు అనుకూలంగా తీర్పు చెప్పింది. మే నెలలో ప్రతినిధుల సభ 410 ఓట్లతో, ఎదురు ఓటు ఒక్కటి లేకుండా, చట్టాన్ని ఆమోదించింది. ముసలినావికుల పరిహారానికి డబ్బు కావాలి గనక ఇంటి అప్పుల రుసుము పెంచారు. మొదటిసారి కొనేవాడికి 2.15 నుంచి 2.3కు, రెండోసారివాడికి 3.3 నుంచి 3.6కు. ఆ చట్టంలోనే హద్దు తీసేశారు. 2023 ఏప్రిల్ 7 నుంచి రుసుము మళ్లీ పాత అంకెలకు దిగింది.

ఒక సైనికుడు ఇల్లు కొనుక్కుంటూ కట్టిన సొమ్ము, తనకు ముఖమైనా తెలియని వేరొక సైనికుడి రోగానికి ఆసరా అయిందన్నమాట. మన శాసనాల్లో యుద్ధంలో చనిపోయినవాడి కుటుంబానికి ఇచ్చిన భూమిని నెత్తురు మాన్యం అన్నారు. ఎంత సూటి అయిన మాట! ఎక్కడ చూసినా దండువాడికి దక్కే నేలకు, ఇంటికి, ఆ వాసన ఎంతో కొంత ఉండనే ఉంటుంది.

లెక్కలన్నీ ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి వాడిముందు పెట్టాను. తెలుగు చదవడం వాడికి నెమ్మది, అంచేత వేలు పెట్టి చదివి వినిపించాను. ఆరున్నర శాతం వడ్డీమీద, ముప్ఫై ఏళ్లకు, 6,50,000 అప్పయితే నెలకు అసలూ వడ్డీ కలిపి 4,108 డాలర్లు. టెక్సాసులో ఇంటిపన్ను బరువైనది, అది వేరే. అదే 5,45,000 అయితే 3,445. ముప్ఫై ఏళ్లూ కడితే ఆ చిన్న ఇంటికైనా వడ్డీయే దాదాపు ఏడు లక్షల డాలర్లు. ఆ మాట వినేసరికి కోడలు చేతిలో కాఫీ కప్పు కింద పెట్టింది.

చివరన, ముందుసొమ్ము అని రాసిన చోట, "ఊళ్లో ఇల్లు" అని రాసి ఉంది. వాడు అక్కడ ఆగాడు.

"ఏ ఇల్లు?" అన్నాడు.

ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. అక్కయ్య ఎక్కడో సర్దుతానని మాత్రం అన్నదిట. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అమ్మ ఏమన్నదో కూడా చెప్పాను. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్లాడు. గంట తరవాత వచ్చి, "ఇంకో ఇల్లు చూద్దాం మామయ్యా. అమ్మమ్మ ఉన్న ఇంటిని నా పడకగదికి కలపక్కరలేదు" అన్నాడు.

మరి కిల్లీన్ ఇల్లు అమ్మవచ్చు గదా అని ఏజెంటు మళ్లీ అన్నాడు. ఆ ఇంటి అద్దె ఆ ఇంటి వాయిదాకు సరిపోయి కొద్దిగా మిగులుతున్నది. దాన్ని అమ్మి, హద్దు తెంచుకుని, పెద్ద అప్పులోకి దిగడం వాడి భార్యకు ఇష్టంలేకపోయింది. "హద్దు లేదంటే బాంకు ఇస్తుందని గాని, మేము కట్టగలమని కాదు గదా" అంది ఆ పిల్ల. ఎమ్.ఏ. చదివిన నేను రెండు రోజులు కుస్తీపట్టి తేల్చినది, ఆస్పత్రి ఉద్యోగం చేసుకునే ఆ పిల్ల ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆగస్టులో వాళ్లు 5,45,000 డాలర్లకు చిన్న ఇల్లొకటి కొన్నారు. ముందుసొమ్ము లేదు, రుసుము లేదు. ఒక పడకగది తక్కువ. అక్కయ్యా బావగారూ అందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నారు గాని, పెరట్లో కరివేపాకు మొక్క బతికిన తరవాత సర్దుకున్నారు.

మన పిల్లలు అక్కడ సైన్యంలో చేరినవాళ్లున్నారు, చేరేవాళ్లున్నారు. వాళ్ల తల్లిదండ్రులు ఈ పత్రిక చదివేవారైతే వాళ్ల కోసం రెండు మాటలు. ఆ శాఖ ఇచ్చే అర్హత పత్రం మీద 36,000 డాలర్లు అని ఒక అంకె ఉంటుంది. అది చూసి, ఇంతే అప్పు దొరుకుతుందని హడలిపోకండి. అది మొదటి పూచీ మొత్తం, దానిపైన అదనపు పూచీ ఉంది. అల్లాగే, హద్దు తీసేశారన్న వార్త విని ఎగిరి గంతు వెయ్యకండి. పాత అప్పు ఉందా, ఎంత హక్కు వాడుకున్నారు, ఆ ఏటి ప్రమాణం ఎంత, ఇవి అడిగి తెలుసుకోండి. ప్రమాణం ఏటా మారుతుంది. 2025లో అది 8,06,500 అయింది. సేవవల్ల వైకల్యం ఉంటే రుసుము మాఫీ సంగతి దస్తావేజు రాయకముందే చెప్పండి. వాయిదాలు తప్పినవాళ్లను ఆదుకునే ఏర్పాట్లు కూడా స్థిరంగా ఉండవు. ఒక పథకాన్ని 2025 మే 1 నుంచి కొత్తవాళ్లకు ఆపేశారు. జూలై 30న సంతకమైన వేరే చట్టం, తప్పిన వాయిదాలను విడదీసి అప్పు చివరికి నెట్టే పద్ధతికి దారి చూపింది.

పూచీ పడ్డవాడు మంచివాడే కావచ్చు. మా తాతయ్యకు పూచీ పడ్డ రైతు మంచివాడే. కాని పన్నెండేళ్లూ ప్రతి పంటకూ షావుకారు గుమ్మం ఎక్కి వాయిదా కట్టినవాడు మా తాతయ్య. ఆ రైతు పేరుకు మచ్చ రాకూడదని ఒక ఏడు ఆవును అమ్మి కట్టాడని మా నాన్న చెప్పేవాడు. పూచీ పడ్డవాడికి కట్టవలసిన రుణం అసలుకంటె, వడ్డీకంటె పెద్దదని ఆయన లెక్క.

మా మేనల్లుడి ఆఖరి వాయిదా 2054లో. అప్పటికి వాడికి అరవై నాలుగేళ్లు, నాకు డెబ్బై ఆరు. ఈ సంగతి అమ్మతో చెబితే వేళ్లు లెక్కపెట్టి, "అంతకాలం అప్పిచ్చినవాడు బతికుంటాడా?" అని అడిగింది. బాంకులు చావవమ్మా అన్నాను. "అయితే వాడు జాగ్రత్తగా కట్టాలి" అని, గిలకమీద చేద జారవిడిచింది.